పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే: తొలి నిమిషంలో ఏం చేయాలి?

కాన్పు గది బయట ఎదురుచూసేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "బిడ్డ ఏడ్చిందా?" ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది ఆ తర్వాతి మాట. ఈ అలవాటు వెనుక తరాల అనుభవం ఉంది. బిడ్డ కెవ్వుమని ఏడ్చిందంటే ఊపిరితిత్తుల్లోకి గాలి చేరినట్టే. ఏడవని బిడ్డ విషయంలో ఆ తర్వాతి 60 సెకన్లు చాలా విలువైనవి. వైద్యులు వాటిని 'గోల్డెన్ మినిట్', అంటే బంగారు నిమిషం అంటారు.

నెలలు నిండి పుట్టే ప్రతి 100 మంది శిశువుల్లో సుమారు 85 మంది ఎవరి సాయమూ లేకుండానే 10 నుంచి 30 సెకన్లలో ఊపిరి అందుకుంటారు. మరో 10 మంది ఒళ్లు తుడిచి వీపు రుద్దితే ఊపిరి మొదలుపెడతారు. దాదాపు 5 మందికి మాస్కు ద్వారా గాలి అందించాల్సి వస్తుంది. ఛాతీ నొక్కడం, మందులు ఇవ్వడం వంటివి అవసరమయ్యేది సుమారు వెయ్యి మందిలో ఒకరికి. ఏటా రెండు కోట్లకు పైగా జననాలు జరిగే భారతదేశంలో ఆ 5 శాతం అంటే పది లక్షలకు పైగా పసికందులు. 2014లో విడుదలైన భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లెక్క ప్రకారం, పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే శిశువుల్లో దాదాపు ఐదో వంతు మంది పుట్టుక సమయంలో ఊపిరి అందక, ప్రసవంలో వచ్చిన చిక్కుల వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు.

వీరిలో చాలామందిని కాపాడటానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పొడి తువ్వాళ్లు, కాస్త వెచ్చదనం, చేతితో నొక్కే ఒక గాలి సంచి, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉంటే చాలు. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పకూడదు. సమయం మించిపోకూడదు.

కడుపులో ద్రవం, బయట గాలి

గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు ఆక్సిజన్ అందించే పని చేయవు. వాయుగోణులు అనే చిన్న చిన్న గాలి గదులు ఊపిరితిత్తులే తయారుచేసుకున్న ద్రవంతో నిండి ఉంటాయి. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. అందువల్ల గుండె పంపే రక్తంలో కొద్ది భాగమే అటు వెళ్తుంది. మిగిలినదంతా గుండెలోనూ, గుండె పక్కనా ఉన్న దగ్గరి దారుల గుండా ఒంట్లోకి పోతుంది.

పుట్టగానే ఈ ఏర్పాటంతా తలకిందులవుతుంది. నొప్పులు మొదలైనప్పటి నుంచే ఊపిరితిత్తుల గోడలు ఆ ద్రవాన్ని పీల్చుకోవడం ప్రారంభిస్తాయి. మొదటి కొన్ని ఊపిరులు మిగిలిన ద్రవాన్ని గాలి గదుల్లోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి నెట్టేస్తాయి. సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం ఆ గదులు మళ్లీ అతుక్కుపోకుండా తెరిచి ఉంచుతుంది. గాలి చేరగానే బిగుసుకున్న రక్తనాళాలు సడలి, ఊపిరితిత్తుల్లోకి రక్తం ఉరకలు వేస్తుంది. దగ్గరి దారులు మూసుకోవడం మొదలవుతుంది.

ఈ మార్పులన్నిటినీ కదిలించేది గాలే. అది ఊపిరితిత్తుల్లోకి చేరకపోతే మిగతావేవీ సవ్యంగా సాగవు. పెద్దవాళ్లలో గుండె హఠాత్తుగా ఆగినప్పుడు ముందుగా ఛాతీ నొక్కమని చెబుతారు. అక్కడ సమస్య చాలాసార్లు గుండెలోనే ఉంటుంది. పసికందు సంగతి వేరు. గుండె దాదాపు ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉంటుంది, ఆక్సిజన్ అందకే నెమ్మదిస్తుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి పంపితే ఎక్కువ సందర్భాల్లో అదే పుంజుకుంటుంది. అందుకే నవజాత శిశువు విషయంలో మొదటి చికిత్స గాలి.

ఊపిరి ఆగడంలో రెండు దశలు

ఆక్సిజన్ తగ్గినప్పుడు శిశువు శరీరం ఎలా స్పందిస్తుందో 1960లలో జెఫ్రీ డాస్, ఆయన సహచరులు రీసస్ కోతి పిల్లలపై చేసిన ప్రయోగాల్లో తెలిసింది. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. గుండె వేగం తగ్గుతుంది కానీ రక్తపోటు నిలబడుతుంది. ఇది మొదటి దశ. ఈ దశలో ఒంటిని తుడిచినా, వీపు రుద్దినా ఆ స్పర్శకే ఊపిరి మళ్లీ మొదలవుతుంది.

ఆక్సిజన్ కొరత ఇంకా కొనసాగితే బిడ్డ కొన్నిసార్లు ఎగశ్వాస తీస్తుంది. ఆ తర్వాత ఊపిరి పూర్తిగా ఆగిపోతుంది. ఇది రెండో దశ. గుండె వేగంతో పాటు రక్తపోటూ పడిపోతుంది. ఇక ఎంత రుద్దినా, ఎంత తట్టినా లాభం ఉండదు. బయటి నుంచి గాలి అందిస్తేనే బిడ్డ తేరుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, కళ్లెదుట కదలకుండా ఉన్న బిడ్డ ఏ దశలో ఉందో చూసి చెప్పడం సాధ్యం కాదు. మొదటి దశ కడుపులో ఉండగానే దాటిపోయి ఉండవచ్చు. కాబట్టి కొన్ని క్షణాలు రుద్దినా ఊపిరి రాకపోతే, రెండో దశలోనే ఉందని భావించి వెంటనే గాలి అందించాలి. ఇంకొంచెం రుద్ది చూద్దాం అనుకుంటే పోయేది విలువైన సమయమే. టాంజానియాలోని ఒక గ్రామీణ ఆసుపత్రిలో జరిగి 2012లో వెలువడిన అధ్యయనం ఈ ఆలస్యాన్ని లెక్కగట్టింది. మాస్కుతో గాలి ఇవ్వడం ఆలస్యమైన ప్రతి 30 సెకన్లకూ, శిశువు చనిపోయే లేదా ఎక్కువ కాలం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చే ముప్పు 16 శాతం చొప్పున పెరిగింది.

బిడ్డ రాకముందే సిద్ధం

ఏ బిడ్డకు సాయం అవసరమవుతుందో ముందే పూర్తిగా చెప్పలేం. నెలలు నిండకపోవడం, కవలలు, తల్లికి అధిక రక్తపోటు, కాన్పు బాగా ఆలస్యం కావడం వంటివి ముప్పును పెంచుతాయి. కానీ ఏ చిక్కూ లేని కాన్పులోనూ బిడ్డ ఊపిరి తీసుకోకుండా పుట్టవచ్చు. కాబట్టి ప్రతి కాన్పుకీ ఏర్పాట్లు ముందే జరగాలి. గదిలో ఫ్యాను, ఏసీ ఆపి గాలి వీయకుండా తలుపులు, కిటికీలు మూయాలి. రెండు పొడి తువ్వాళ్లు, బొడ్డుతాడు క్లిప్పు, శుభ్రమైన బ్లేడు లేదా కత్తెర, సరైన సైజు మాస్కులు, అంబు బ్యాగ్ చేతికి అందేలా ఉండాలి. మాస్కును అరచేతికి అదిమి బ్యాగ్ నొక్కి చూస్తే అది పనిచేస్తోందో లేదో అప్పుడే తెలుస్తుంది. తల్లిని చూసుకునేవారు కాక, బిడ్డను మాత్రమే చూసుకునే మనిషి ఒకరు ఉండాలి.

మొదటి అర నిమిషం

బిడ్డ బయటికి రాగానే చూడాల్సింది మూడే విషయాలు. నెలలు నిండాయా? కాళ్లూ చేతులూ ముడుచుకుని బలంగా ఉన్నాయా? ఏడుస్తోందా, లేదా ఊపిరి తీసుకుంటోందా? మూడింటికీ అవును అనే జవాబు వస్తే బిడ్డను తల్లి ఛాతీపై ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, తుడిచి, పొడి బట్ట కప్పాలి. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కట్ చేయాలి. ఈలోగా మాయలో ఉన్న రక్తం కొంత బిడ్డకు చేరి, తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా ఉపయోగపడుతుంది.

ఊపిరి సరిగా లేకపోతే తొలి చర్యలు ఈ వరసలో సాగుతాయి.

వెచ్చగా ఉంచడం: తడి ఒంటితో పుట్టిన బిడ్డ చాలా వేగంగా వేడిని కోల్పోతుంది. చలి పట్టిన బిడ్డకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. శిశువు ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అందుకే బిడ్డను రేడియంట్ వార్మర్ కింద పడుకోబెడతారు.

తుడవడం: తల నుంచి పాదాల దాకా తుడిచి, ఆ తడి తువ్వాలును తీసేయాలి. దానిలోనే చుట్టి ఉంచడం తరచుగా జరిగే పొరపాటు. తుడిచే స్పర్శే చాలామంది శిశువుల్లో ఊపిరిని మేల్కొలుపుతుంది.

తలను సరిచేయడం: బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తలను కొద్దిగా వెనక్కి వంచాలి, వాసన చూసేటప్పుడు ముక్కు పైకెత్తినట్టుగా. గడ్డం ఛాతీకి ఆనినా, తల మరీ వెనక్కి వాలినా గాలి దారి మూసుకుపోతుంది. భుజాల కింద అంగుళం మందాన మడిచిన గుడ్డ పెడితే తల సరైన స్థితిలో నిలుస్తుంది.

అవసరమైతేనే శుభ్రం చేయడం: నోట్లోనో ముక్కులోనో స్రావాలు అడ్డుపడుతున్నప్పుడే తీయాలి. ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కును ముందు శుభ్రం చేస్తే బిడ్డ ఉలిక్కిపడి గాలి లోనికి లాగుతుంది. నోట్లో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

స్పర్శతో ప్రేరేపించడం: వీపును మృదువుగా రెండు మూడుసార్లు రుద్దాలి, లేదా అరికాలిపై వేలితో మెల్లగా తట్టాలి. అంతే.

ఈ పనులన్నిటికీ కలిపి దాదాపు 30 సెకన్లు. అప్పటికీ బిడ్డ ఊపిరి తీసుకోకపోయినా, ఎగశ్వాస మాత్రమే తీస్తున్నా, గుండె నిమిషానికి 100 సార్ల కంటే తక్కువ కొట్టుకుంటున్నా నిమిషం పూర్తయ్యేలోపు మాస్కు అందుకోవాలి.

మూడు చెంచాల గాలి

అంబు బ్యాగ్ అంటే నొక్కి వదిలితే దానంతట అదే గాలి నింపుకునే రబ్బరు సంచి. డెన్మార్క్‌లో హెన్నింగ్ రూబెన్, హోల్గర్ హెస్సె 1956లో దీన్ని రూపొందించారు. విద్యుత్తు, ఆక్సిజన్ సిలిండర్ లేకపోయినా ఇది పనిచేస్తుంది.

మాస్కు గడ్డం, నోరు, ముక్కులను మూయాలి, కళ్ల మీదకు రాకూడదు. మూడు కిలోల బిడ్డకు ఒక ఊపిరికి కావలసిన గాలి 15 మిల్లీలీటర్ల చుట్టుపక్కల, అంటే మూడు చిన్న చెంచాలంత. పసికందుల బ్యాగ్‌లో పట్టే గాలి దానికి ఎన్నో రెట్లు. కాబట్టి బలంగా పిండేస్తే ఊపిరితిత్తులకు గాయమవుతుంది. ఛాతీ మెల్లగా లేచేంత నొక్కితే చాలు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి. లయ తప్పకుండా ఉండేందుకు శిక్షణలో "నొక్కు, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టిస్తారు. 'నొక్కు' అన్నప్పుడు గాలి లోపలికి, 'రెండు, మూడు' అన్నప్పుడు బయటికి.

ఛాతీ లేస్తోందా అన్నదే అసలైన పరీక్ష. లేవకపోతే గాలి ఎక్కడో బయటికి పోతోందన్నమాట. మాస్కును మళ్లీ సరిగా ఆనించాలి, తలను సరిచేయాలి, నోట్లో స్రావాలున్నాయేమో చూడాలి, నోరు కొద్దిగా తెరిచి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ లేవకపోతే కొంచెం గట్టిగా నొక్కాలి. గుండె వేగాన్ని స్టెతస్కోపుతో గానీ, బొడ్డుతాడు మొదట్లో వేళ్లు ఆనించి గానీ 6 సెకన్ల పాటు లెక్కించి, పదితో హెచ్చవేస్తారు. గుండె 100 దాటి, బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకుంటే మాస్కును నెమ్మదిగా తీసేయవచ్చు. ఛాతీ లేచేలా 30 సెకన్లు గాలి ఇచ్చాక కూడా గుండె 60 కంటే తక్కువగా ఉంటేనే ఛాతీ నొక్కడం, ఆక్సిజన్ పెంచడం, మందుల దాకా వెళ్లాలి.

పుట్టిన వెంటనే చేతులు, పాదాలు నీలంగా కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రక్తంలో కూడా ఆక్సిజన్ స్థాయి మొదటి నిమిషంలో 60 నుంచి 65 శాతమే ఉంటుంది. 85 శాతం దాటడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది.

వర్జీనియా అప్గార్ 1952లో ప్రతిపాదించిన అప్గార్ స్కోరును కాన్పు కాగితాల్లో చాలామంది చూసే ఉంటారు. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, స్పందన, రంగు అనే ఐదు లక్షణాలకు మార్కులు వేసి బిడ్డ పరిస్థితిని నమోదు చేసే పద్ధతి అది. మొదటి స్కోరు వేసేది ఒక నిమిషానికి. కానీ సాయం అంతకంటే ముందే మొదలవ్వాలి. అందుకే స్కోరు కోసం ఆగి చికిత్స మొదలుపెట్టరు.

శాస్త్రం వదిలేసిన పద్ధతులు

కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, పిరుదులపై కొట్టడం, చల్లటి నీళ్లు చల్లడం, కొన్ని ప్రాంతాల్లో మాయను వేడి చేయడం ఒకప్పుడు మామూలే. వీటిలో ఏదీ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపదు. పైగా బిడ్డకు చలి పట్టిస్తుంది, దెబ్బ తగిలిస్తుంది, సమయాన్ని తినేస్తుంది.

ఆసుపత్రుల పద్ధతులు కూడా పరీక్షకు నిలవాల్సి వచ్చింది. ఊపిరి అందని బిడ్డకు వంద శాతం ఆక్సిజన్ ఇవ్వడమే సరైనదని చాలాకాలం నమ్మారు. డాక్టర్ సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వే శాస్త్రవేత్త ఓలా సాగ్‌స్టాడ్ తదితరులు ఢిల్లీలో జరిపిన అధ్యయనం 1993లో వెలువడింది. 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలి కూడా అంతే బాగా పనిచేస్తుందని అది చూపింది. భారత ఆసుపత్రులు కూడా పాలుపంచుకున్న మరో పెద్ద అధ్యయనం 1998లో దాన్ని బలపరిచింది. ఇప్పుడు నెలలు నిండిన శిశువులకు మామూలు గాలితోనే మొదలుపెట్టమన్నది అంతర్జాతీయ సూచన. సిలిండర్ లేని చిన్న ఆరోగ్య కేంద్రానికి ఇది ఎంతో ఊరటనిచ్చిన మాట.

"బిడ్డ ఉమ్మనీరు మింగేసింది" అన్న మాట తెలుగు ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి, అది ఉమ్మనీటిలో కలిస్తే, నీరసంగా పుట్టిన బిడ్డ గొంతులో గొట్టం వేసి శ్వాసనాళాన్ని శుభ్రం చేయడం ఒకప్పుడు నియమం. పుదుచ్చేరి, ఢిల్లీ ఆసుపత్రుల్లో జరిగి 2015, 2016లో వెలువడిన పరీక్షల్లో దాని వల్ల ప్రయోజనం కనబడలేదు. 2015 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా దాన్ని ప్రతి బిడ్డకూ చేయనక్కర్లేదన్నాయి. గొట్టం వేసే ప్రయత్నంలో గాలి ఇవ్వడం ఆలస్యం కావడమే పెద్ద నష్టం.

గడ్చిరోలి పల్లెల పాఠం

ఈ పని డాక్టర్లు మాత్రమే చేయగలరా? తెలంగాణకు ప్రాణహిత నది అవతల ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దీనికి జవాబిచ్చింది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన 'సెర్చ్' సంస్థ 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు నవజాత శిశు సంరక్షణలో శిక్షణ ఇచ్చింది. ఇళ్లలో కాన్పులు జరిగేటప్పుడు మంత్రసానితో పాటు వాళ్లూ ఉండేవారు. ఊపిరి అందని బిడ్డకు మొదట్లో గొట్టం బిగించిన మాస్కుతో, తర్వాత అంబు బ్యాగ్‌తో గాలి ఇచ్చేవారు. ఇన్ఫెక్షన్లకు చికిత్స, తక్కువ బరువు బిడ్డల సంరక్షణ కూడా చూసేవారు. ఈ పనులన్నిటి ఫలితంగా మూడో ఏడాదికి ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన గ్రామాలతో లెక్కిస్తే, 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2009లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్‌ఎంలకు బొమ్మలపై ఇదే వరసను నేర్పుతున్నారు. కానీ ఒకసారి నేర్చుకున్నది వాడకపోతే చేతులు మరిచిపోతాయి. నెలకు కొద్ది కాన్పులే జరిగే చోట మాస్కు అవసరమయ్యే బిడ్డ అరుదుగా వస్తుంది. ఆ రోజు చేయి తడబడకుండా ఉండాలంటే బొమ్మపై సాధన తరచుగా జరుగుతూనే ఉండాలి.

నిమిషం చేజారితే

ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువులను 72 గంటల పాటు 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచే చికిత్స సంపన్న దేశాల్లో మేలు చేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 ఆసుపత్రుల్లో 408 మంది శిశువులపై దీన్ని పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. ఇక్కడ మరణాలు, వైకల్యాలు కలిపి చూస్తే తగ్గలేదు. పైగా చల్లబరిచిన శిశువుల్లోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. దెబ్బ తగిలాక సరిదిద్దే దారులు మన ప్రాంతంలో ఇంకా ఎంత ఇరుకో ఈ ఫలితం చెబుతోంది. నొప్పుల సమయంలో బిడ్డ గుండె చప్పుడును గమనిస్తూ ఉండటం, పుట్టాక తొలి నిమిషాన్ని పోనివ్వకపోవడం ఇందుకే అంత ముఖ్యం.

మాస్కుతో గాలి అందుకుని త్వరగా తేరుకున్న బిడ్డల్లో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. అయినా వారిని వెంటనే మరిచిపోకూడదు. ఊపిరి, రంగు, ఉష్ణోగ్రత, పాలు తాగే తీరు గమనించాలి. మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రానికి పంపాలి.

కుటుంబాలకు అంబు బ్యాగ్ వాడటం రానక్కర్లేదు. అది శిక్షణ పొందిన చేతుల్లోనే ఉండాలి. కానీ కాన్పు ఎక్కడ చేయించుకోవాలో నిర్ణయించుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగవచ్చు: కాన్పు సమయంలో బిడ్డ కోసమే ఒకరు ఉంటారా? ఊపిరి అందని బిడ్డకు మాస్కుతో గాలి ఇవ్వడం తెలిసినవారు రాత్రి వేళ కూడా అందుబాటులో ఉంటారా? ఈ ప్రశ్నలు నొప్పులు మొదలయ్యాక కాదు, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో పరీక్షకు వెళ్లినప్పుడే అడగాలి.